తీగ మీద గడియారం

ఏప్రిల్ 12

విత్తనం చల్లడం అయిపోయింది. మా దక్షిణపు దేశంలో జూన్, జూలై చలికాలం, ఈ శరత్కాలంలోనే చల్లేయాలి. నడుము నాది కాదన్నట్టుంది. ఆకాశం నిండా మబ్బు. దేవుడు ఈసారి మా వైపే ఉన్నాడు.

ఇంటి కింద పల్లం, వాగు దాకా, ఆరు హెక్టార్లు. చల్లినవి మూడు రకాల పశువుల మేత: రై గడ్డి, ఫెస్క్యూ, తెల్ల క్లోవర్. సహకార సంఘం ఇంజనీరమ్మ మాబెల్ బొమ్మ గీసి మరీ చెప్పింది. నాకు అర్థమైనది ఇది. రై గడ్డి కొత్తల్లుడు. వచ్చీ రాగానే హడావిడి, ఏడాది తిరిగేసరికి జాడ ఉండదు. ఫెస్క్యూ అత్తగారు. రావడానికి నెలలు పడుతుంది, వచ్చాక ఏళ్ల తరబడి కదలదు. క్లోవర్ ఇద్దరి మధ్యా సర్దుకుపోయే పిల్ల.

ఈ పోలిక నా పెళ్లాం నిల్డాకి చెప్పాను. గోడ మీద వాళ్లమ్మ ఫోటో వైపు ఒకసారి చూసి, "ఏడాదికి పోయే అల్లుళ్లు కూడా ఉంటారా? మా అమ్మకి ఆ విత్తనం దొరకలేదే," అంది.

నా శపథం: వేరు పట్టేదాకా ఈ పల్లంలో ఏ నోరూ పడదు. ఆవు నోరు, దూడ నోరు, గుర్రం నోరు, ఏదీ. పరీక్ష సులువు. ఆవు నాలుకతో చుట్టి లాగినట్టు గుప్పెటతో పట్టి లాగాలి. ఆకు తెగితే మేపుకోవచ్చు. మొక్క వేరుతో సహా చేతికొస్తే గేటు మూసి ఇంటికి పోవాలి.

ఇది మూడో ఏడు. పోయిన రెండేళ్లూ గేటు గాలికి తెరుచుకుందని చెప్పాను. గాలి వచ్చి కాదనదు కదా.

భూమి నిల్డాకి వాళ్ల నాన్న నుంచి వచ్చింది. నాది నోరొక్కటే. ఆగస్టులో కాగితం కంపెనీ మనిషి మళ్లీ వస్తాడు. పల్లంలో పచ్చిక ఉంటే సరి. మళ్లీ బురదే ఉంటే పొలం మొత్తం జామాయిల్ చెట్లకి ఇచ్చేస్తానని నిల్డా అంది. ఆవుల్ని అమ్మేసి ఊళ్లో వాళ్ల చెల్లెలి ఇంటి వెనక గదిలో ఉండాలట. ఆ చెల్లెలి మొగుడు రోజూ పొద్దున్నే బీపీ చూసుకుని ఆ అంకె ఇంటిల్లిపాదికీ చదివి వినిపిస్తాడు. నేను అక్కడ బతకలేను.

కాబట్టి శపథం. డైరీలో రాశాను, అంటే ఇంక అయిపోయినట్టే.

ఏప్రిల్ 25

మొలిచింది.

పొద్దున మాతే ఆకు కషాయం తాగుతూ వెళ్లి చూశాను. నేల మీద కొత్తగా గెడ్డం వస్తున్న కుర్రాడి బుగ్గలా పచ్చగా నూగు. మోకాళ్ల మీద కూర్చుని చూశాను. లేవడానికి చాలాసేపు పట్టింది.

పల్లం చుట్టూ కరెంటు తీగ బిగించాను. ఒక పెట్టె, దానికి పాత లారీ బ్యాటరీ. పెట్టె టిక్, టిక్ అంటూ ఉంటుంది. టిక్ అన్నప్పుడల్లా తీగలో ఒక దెబ్బ. చంపదు, బుద్ధి చెప్తుంది.

మధ్యాహ్నం పక్క పొలం పెద్దాయన డాన్ అపారిసియో వచ్చాడు; డాన్ అంటే మా వైపు గారు అన్నట్టు. చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే తాగే సొరకాయ బుర్ర, కాళ్లకి తడి బూట్లు. అంత చక్కగా సిద్ధమై వచ్చిన మనిషిని ఊరికే ఎలా పంపను?

"డాన్ అపారిసియో, మీ చెయ్యి పొడుగు. ఆ తీగకి ఉన్ని చిక్కింది, కాస్త తీసి పెడతారా?"

తీశాడు. మాతే బుర్ర ఆకాశానికి వెళ్లింది. టోపీ వాగు వైపు వెళ్లింది. ఆయన ఉన్నచోటే ఉన్నాడు గాని నేల మీద లేడు.

దిగాక, "ఒరేయ్ తీతువూ," అన్నాడు నెమ్మదిగా, "నీ కంచె నీ మెడకే చుట్టుకోకపోతే నా పేరు మార్చుకుంటాను."

ఊళ్లో నన్ను తీతువు అంటారు. ఒకచోట అరిచి ఇంకోచోట గుడ్డు పెట్టే పిట్ట. పొగడ్తగానే తీసుకుంటాను.

మే 9

రై గడ్డి జానెడు. ఫెస్క్యూ దారం పోగంత. క్లోవర్ ఆకులు చొక్కా గుండీలంత. కొత్తల్లుడు భోజనాల బల్ల దగ్గర అందరికంటే ముందు కూర్చున్నాడు.

మంద మొత్తం తీగకి ఎడంగా నిలబడి చూస్తోంది. ముందు మేయరమ్మ. ముసలి ఆవు, ఒక కొమ్ము కిందికి వంగి ఉంటుంది, నడక ఊరేగింపులా ఉంటుంది, అందుకే ఆ పేరు. అది ఎటు వెళ్తే మంద అటు. మొదటి రోజే ముక్కుకి దెబ్బ తిన్నది. ఇప్పుడు ముక్కు పెట్టడం లేదు. పెట్టె దగ్గరికి వచ్చి చెవి ముందుకి వంచి వింటోంది. టిక్ వినబడగానే ఒక అడుగు వెనక్కి వేస్తుంది. మళ్లీ వచ్చి వింటుంది.

నిల్డాకి చూపించాను.

"నీకంటే నయం," అంది. "అది ఒక్కసారికే నేర్చుకుంది."

మే 21

శపథం పటిష్ఠంగా ఉంది.

ఇవాళ గుర్రాన్ని మాత్రం పల్లంలోకి వదిలాను. కాసేపే. దాని పేరు కమిషనర్. లావుగా ఉంటుంది, అవసరమైనప్పుడు పరిగెత్తదు. పళ్లు అరిగిపోయాయి పాపం, లేతగడ్డి అయితే నమలగలదు. పైగా మాబెల్ చెప్పినదంతా పశువుల గురించి. కమిషనర్ ఇంట్లో మనిషి లాంటిది.

వేరు పరీక్ష కూడా చేశాను. మొదటి మొక్క వేరుతో వచ్చింది. అది బలహీనమైన మొక్క. రెండోదీ వచ్చింది. అక్కడ నేల గుల్ల. మూడోది, నాలుగోది కూడా. చెయ్యి ఎక్కువ బలంగా లాగుతోందని ఎడమ చేత్తో లాగాను. చివరికి వాగు ఒడ్డున ఒకటి ఆకు తెగింది. అది రై గడ్డి అవునో కాదో చెప్పలేను. కాని తెగింది.

పీకినవన్నీ మళ్లీ పాతేశాను. టోపీతో నీళ్లు కూడా పోశాను.

జూన్ 6

మంచు. పొద్దున పొలమంతా సున్నం కొట్టినట్టుంది. పైన మిట్ట మీద పాత గడ్డి పసుపు రంగుకి తిరిగింది, తాటాకులా చప్పుడు చేస్తోంది. ఆవుల పక్కటెముకలు కనబడుతున్నాయి. పల్లంలో మాత్రం పచ్చగా, మెత్తగా, మోకాలి కింద దాకా. తీగ ఇటు ఆకలి, అటు విందు. మధ్యలో నేను, కొడవలి.

కోశాను. ఒక మోపు. మేయరమ్మకి వేశాను. చేత్తో కోసింది మేత కిందికి రాదు, కోత కిందికి వస్తుంది.

నిల్డా వంటింటి కిటికీలోంచి అరిచింది. "ఏం చేస్తున్నావు, ముసలోడా?"

"కలుపు తీస్తున్నాను."

"కలుపు ఇంత పచ్చగా ఉంటుందా?"

"ఈ ఏడు బాగా పండింది."

జూన్ 17

మచ్చల ఆవు ఈనింది. బాలింత కదా. బాలింతని మంచులో ఎండుగడ్డి దగ్గర నిలబెడితే మనం మనుషులమేనా? పల్లంలో పై మూలకి దాన్నీ దూడనీ వదిలాను. సాయంత్రానికి వెనక్కి తెచ్చేశాను. దాదాపు సాయంత్రానికే.

మేయరమ్మ తీగ బయట నిలబడి మొత్తం చూసింది. నేను దాని కళ్లలోకి చూడలేదు.

జూలై 1, ఆదివారం

ఇవాళ గొప్ప రోజు. నా బుర్ర చూసి నాకే ముచ్చటేసింది.

మా ఊరి జట్టుకి ఫుట్‌బాల్ ఆట. రేడియోలో వస్తుంది. రేడియో బ్యాటరీ చచ్చిపోయింది. కంచె బ్యాటరీ బతికే ఉంది. దాన్ని విప్పితే పెట్టె మూగబోతుంది, మేయరమ్మ చెవి పెడుతుంది, టిక్ వినబడదు, మందని వెంటబెట్టుకుని లోపలికి నడుస్తుంది. ఆట వదులుకోవాలా? శపథం వదులుకోవాలా?

రెండూ వద్దు. పాలకొట్టం కిటికీలో నిల్డా అలారం గడియారం ఉంది. మా పెళ్లికి వాళ్ల నాన్న పెట్టింది, తాళం చెవి తిప్పితే నడిచేది. టిక్ టిక్ అని కొట్టమంతా వినబడుతుంది. దాన్ని తెచ్చి పెట్టె పక్కనే వాగు వైపు గుంజకి తీగతో కట్టాను. మీద బోర్లించిన డబ్బా, వాన పడకుండా.

మేయరమ్మ వచ్చింది. చెవి వంచింది. విన్నది. ఒక అడుగు వెనక్కి వేసింది.

నేలమీద కూర్చుని నవ్వాను. మనుషుల్ని మోసం చెయ్యడం ఏమంత గొప్ప? ఆవుని మోసం చేసినవాడు మొనగాడు.

రెండు గోల్స్ కొట్టాం. మూడు తిన్నాం.

జూలై 4

బ్యాటరీ ఇంకా రేడియో దగ్గరే ఉంది. ఆట అయ్యాక పాటలు వచ్చాయి. పాటలయ్యాక వార్తలు. దేశంలో ఏం జరుగుతోందో తెలుసుకోవడం రైతుకి అవసరం. ఇప్పుడది బాగా దిగిపోయింది. ఊళ్లోకి తీసుకెళ్లి ఛార్జ్ చేయించాలి. వెళ్తాను. తొందరేముంది, గడియారం బాగానే కాపలా కాస్తోంది. దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు.

నిల్డా: "పాలకొట్టంలో నా గడియారం ఏది?"

నేను: "వెనకబడుతోందని ఊళ్లో రిపేరుకి ఇచ్చాను."

నిల్డా: "ఎప్పుడూ వెనకబడలేదే."

నేను: "అందుకే మనకి తెలియలేదు."

చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఆ తర్వాత బకెట్ తీసుకుని పాలు పిండటానికి వెళ్లిపోయింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

జూలై 13

వాన. పల్లం స్పాంజిలా ఉంది, కాలు పెడితే నీళ్లు ఊరుతున్నాయి. ఇలాంటి తడిలో మంద లోపలికి వస్తే పచ్చిక మిగలదు, మాబెల్ ప్రత్యేకంగా చెప్పింది. రావు. గడియారానికి రోజూ తాళం తిప్పుతున్నాను.

వేళ్లు చలికి కొయ్యబారాయి. గడియారం వీపు మీద తాళం చెవులు రెండున్నాయి. ఇన్నాళ్లూ ఒకటే తిప్పాను. ఇవాళ ఏది ఏదో తెలియక రెండూ తిప్పేశాను. ఒకటి తక్కువైతే కష్టం గాని ఎక్కువైతే ఏం పోయింది?

జూలై 14

ఏం పోయిందో తెలిసింది.

ఇంకా తెల్లవారలేదు. నిల్డా మోచేత్తో పొడిచింది.

"లే. గంట కొడుతోంది."

"ఊఁ."

"గడియారం ఊళ్లో రిపేరులో ఉందన్నావు."

"ఊఁ."

"ఊళ్లో మోగుతుంటే ఇక్కడికి వినబడుతోందా, వాల్దేమార్?"

కోపం వస్తే నా పూర్తి పేరు పలుకుతుంది. మంచం మీంచి ఒక్క గెంతు గెంతాను.

రెండో తాళం చెవి అలారానిది. ఇన్నేళ్లుగా ఆ గంట మోగగానే నిల్డా పాలకొట్టంలో తొట్టి నిండా తవుడు పోస్తుంది. మా మందకి తెలిసిన చదువంతా అదొక్కటే. టిక్ అంటే దెబ్బ అని మేయరమ్మ మొన్న మొన్న నేర్చుకుంది. గంట అంటే తవుడని దూడగా ఉన్నప్పుడే నేర్చుకుంది. ఆ రెండింట్లో ఏది నెగ్గుతుందో నేను ఆలోచించలేదు. మేయరమ్మా ఆలోచించలేదు. రొమ్ముతో తీగని తెంపుకుని, వెనక మందనంతా వేసుకుని, గుంజ దగ్గరికి వచ్చి నిలబడింది.

నేను వెళ్లేసరికి గడియారం చుట్టూ సభ. అన్నీ గంట వైపు తలెత్తి తవుడు కోసం మర్యాదగా ఎదురుచూస్తున్నాయి. తవుడు రాలేదు. కాళ్ల కింద చూసుకున్నాయి. అక్కడితో మర్యాద అయిపోయింది.

లాగుతున్నాయి. ఒక్కో లాగుడికి మొక్క వేరుతో, మట్టితో సహా నోట్లోకి. వేరు పరీక్ష ఎలా చెయ్యాలో వాటికి ఎవరూ నేర్పలేదు. తినని చోట తొక్కుతున్నాయి. ఒక్కో గిట్ట గుంటలో ఒక్కో చెరువు. నేను గంట ఆపాలని పరిగెత్తాను. ఎడమ బూటు బురదలో ఉండిపోయింది. తర్వాత కుడిది.

చివరికి వాటిని బయటికి తెచ్చింది నిల్డా. రాత్రి గౌను మీద నా కోటు వేసుకుని, ఖాళీ బకెట్ కొడుతూ, పల్లం అంచున మిట్ట వైపు నడుచుకుంటూ పోయింది. మేయరమ్మ తలెత్తింది. బకెట్ వెంట నడిచింది. మంద మేయరమ్మ వెంట నడిచింది. పల్లం పై భాగంలో అడుగు పడకుండా గేటు దాకా తీసుకుపోయింది.

నేను బురదలో వట్టి కాళ్లతో, చేతిలో గడియారం పట్టుకుని నిలబడ్డాను. అది సరిగ్గా నడుస్తోంది. ఒక్క నిమిషం కూడా వెనకబడలేదు.

జూలై 15

నిల్డా మాట్లాడటం లేదు. మాతే తనకొక్కదానికే పోసుకుంది. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి.

డాన్ అపారిసియో వచ్చి కంచె బయటే నిలబడ్డాడు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"నిన్న తెల్లవారుజామున గంట విన్నానురా, తీతువూ. చర్చి లేని చోట ప్రార్థన ఎక్కడా అనుకుని టోపీ కూడా తీశాను."

"మీ టోపీ ఇంకా ఉందా? వాగులో పోయిందనుకున్నాను."

"ఉంది. నీ పల్లం పోయింది."

బూట్లు వెతుక్కోవడానికి బురదలోకి దిగాను.

ఆగస్టు 3

కంపెనీ మనిషి వచ్చాడు. మంచి మనిషే. బూట్లు మెరుస్తున్నాయి, సంతకం పెట్టాల్సిన చోట్ల ముందే గుర్తులు పెట్టుకొచ్చాడు. నిల్డా ఆయన్ని పల్లంలోకి తీసుకెళ్లింది. నన్ను రమ్మనలేదు. వద్దనలేదు. వెనక నడిచాను.

వాగు వైపు సగం బురద ఎండి గిట్టల అచ్చులతో గట్టిపడింది. అక్కడక్కడా రై గడ్డి మళ్లీ చిగురు పెట్టింది. అల్లుడు సిగ్గులేనివాడు. నిల్డా వంగి గుప్పెటతో పట్టి లాగింది. వేరు, మట్టిగడ్డ, వానపాము, అన్నీ కలిసి వచ్చాయి. తీసుకొచ్చి నా ముక్కు కింద పెట్టింది. కంపెనీ మనిషి కలం మూత తీశాడు.

ఆ క్షణంలో నాకు బీపీ అంకెలు వినబడ్డాయి.

నిల్డా పైకి నడిచింది. బకెట్ కొడుతూ తప్పించిన సగం అది. అక్కడ ఫెస్క్యూ చీలమండ దాకా వచ్చింది, ముదురు రంగులో, ఎవరికీ నమస్కారం పెట్టని తీరులో. నిల్డా పట్టుకుని లాగింది. ఆకు తెగింది. రెండు అడుగులు వేసి మళ్లీ లాగింది. తెగింది. ఇంకోచోట క్లోవర్‌ని లాగింది. ఆకులు చేతికొచ్చాయి, పాకే కాడ నేలని వదల్లేదు.



"ఫెస్క్యూ మా అమ్మ లాంటిదన్నావు కదూ," అంది నాతో. చాలా రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

"అవును, ముసలీ."

"పీకితే రాలేదు."

"మీ అమ్మా వచ్చేది కాదు."

నవ్విందేమో తెలియదు, మొహం అటు తిప్పుకుంది. కంపెనీ మనిషితో, "పల్లం ఇవ్వను. ఆవులుంటాయి. పైన మిట్ట తీసుకోండి," అంది.

మిట్ట అంటే కమిషనర్‌ని ఎక్కి నేను ఆదివారాలు గుర్రప్పందేలు పెట్టే చోటు. గాలి బాగుంటుంది. అక్కడినుంచి అపారిసియో ఇల్లు, ఆయన పెరట్లో ఏం చేస్తున్నాడో కూడా కనబడుతుంది. నోరు తెరిచాను.

"ఏమైనా అంటావా, వాల్దేమార్?"

మూశాను. సంతకం అయిపోయింది. జామాయిల్ మొక్కలు వచ్చే వసంతంలో నాటుతారట.

ఆగస్టు 19

కొత్త శపథం. ఈసారి నాది కాదు, నిల్డా రాయించింది. నేను రాస్తుంటే పక్కన నిలబడి చూసింది.

ఒకటి. బురదైన సగంలో ఇప్పటికి ఏడాదికే పోయే రై గడ్డి చల్లాలి. వచ్చే శరత్కాలంలో ఫెస్క్యూ, క్లోవర్ మళ్లీ.

రెండు. వేరు పరీక్ష నిల్డా చేస్తుంది. కుడి చేత్తో.

మూడు. బాలింతలు, ముసలి గుర్రాలు, జాలిపడదగ్గ ప్రాణులు ఏవైనా సరే నిల్డాకి అర్జీ పెట్టుకోవాలి.

నాలుగు. గడియారం పాలకొట్టం వదిలి కదలదు.

ఐదు. తీగలో కరెంటు ఉందో లేదో రోజూ పొద్దున, మాతే కంటే ముందు, నేను చేత్తో ముట్టుకుని చూపించాలి. ఆవిడ వంటింటి కిటికీలోంచి చూస్తుంది. నేను ఎగిరితే మాతే.

ఇవాళ ఎగిరాను. డాన్ అపారిసియో కుర్చీ తెచ్చుకుని కంచె అవతల కూర్చున్నాడు. రోజూ వస్తాడట. నేలనించి ఎంత ఎత్తు లేచానో చెప్పి పోయాడు.

ఆగస్టు 25

శపథం పటిష్ఠంగా ఉంది. బురదలో రై గడ్డి చిగుళ్లు పెరుగుతున్నాయి. మేయరమ్మ చెవి పెడుతోంది, వెనక్కి తగ్గుతోంది. అన్నీ సవ్యంగా ఉన్నాయి.

రేపు జిల్లా ఫైనల్. మా జట్టు ఆడుతోంది. రేడియో బ్యాటరీ ఇంకా చచ్చే ఉంది.

ఊరికే, ఏ ఉద్దేశమూ లేకుండా, సాయంత్రం పాలకొట్టం వెనకకి వెళ్లి ఒక ఉత్త తీగ ముక్క గుంజకి కట్టాను. ముట్టుకుని ఎగిరాను. మొదటిసారి సహజంగా రాలేదు. రెండోసారి మోచెయ్యి కూడా విదిల్చాను, టోపీ జారనిచ్చాను. అచ్చం కరెంటు కొట్టినట్టే ఉంది. మూడోసారి చిన్న కేక కలిపాను.

వెనక బకెట్ కింద పెట్టిన చప్పుడైంది.

"ఎగరడం బాగుంది, ముసలోడా," అంది నిల్డా. "పద, ఇప్పుడు అసలు తీగ దగ్గరికి."